ఆర్‌సీ ట్రక్కుకు ప్రింట్ చేసిన హంగులు: ఏ భాగానికి ఏ పద్ధతి?

ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) ట్రక్కును నేల మీద పెట్టి, ఫోనును కూడా నేలకు ఆనించి ఒక ఫొటో తీసి చూడండి. బండి ఎక్కడ నిజంగా కనిపిస్తోందో, ఎక్కడ బొమ్మలా తేలిపోతోందో ఆ ఒక్క ఫొటో చెప్పేస్తుంది. నా మొదటి 1/10 క్రాలర్ (రాళ్ల మీద నడిపే, అసలు బండిలో పదో వంతు ఉండే నమూనా) విషయంలో బొమ్మతనమంతా వెనక తగిలించిన జెర్రీ క్యాన్‌లో ఉంది. పక్కల మీద అడ్డగీతల నొక్కులు చక్కగా వచ్చాయి, పైన మూడు పిడులు ఉన్నాయి, రంగు కూడా కుదిరింది. అయినా ఏదో తేడా. స్కేలు పెట్టి కొలిస్తే ఎత్తు 60 మి.మీ. ఉంది. నిజమైన 20 లీటర్ల క్యాన్ ఎత్తు సుమారు 47 సెం.మీ. పదో వంతు బండి మీద అది 47 మి.మీ. ఉండాలి. నేను తగిలించినది నిజంగా ఉంటే 60 సెం.మీ. ఎత్తున్న క్యాన్ అయి ఉండేది. నిండుగా ఇంధనం పోస్తే దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావాలి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారు సాధారణంగా ఏ 3డీ ప్రింటర్ కొనాలి, రెజిన్ (వెలుగుతో గట్టిపడే ద్రవం) మంచిదా ఫిలమెంటు (కరిగించి పొరలుగా వేసే ప్లాస్టిక్ తీగ) మంచిదా అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. బండి మొత్తానికి వర్తించే జవాబు దానికి లేదు. ప్రతి భాగాన్నీ విడిగా చేతిలోకి తీసుకుని మూడు సంగతులు చూడాలి. ఇది రాయికో గోడకో తగులుతుందా? చూసేవారి కంటికి ఎంత దగ్గరగా ఉంటుంది? బండి మీద ఎంత ఎత్తున కూర్చుంటుంది? తగిలే భాగానికి గట్టిదనం కావాలి, కంటికి దగ్గరగా ఉండేదానికి నునుపు కావాలి, ఎత్తున ఉండేదానికి తేలికదనం కావాలి. ఒకే బండి మీద మూడు నాలుగు రకాల పదార్థాలు కలవడం సహజం. నా దృష్టిలో అదే సరైన పద్ధతి కూడా.

ముందు కొలత, తర్వాతే ప్రింటు

స్కేలు బండ్లలో ఎక్కువగా కనిపించేవి మూడు పరిమాణాలు. ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్‌-4, ఆక్సియల్ ఎస్‌సీఎక్స్10 వంటి 1/10 క్రాలర్లు ఒకటి. తమియా ట్రెయిలర్ ట్రక్కుల వంటి 1/14 రోడ్డు బండ్లు రెండోది. ఎస్‌సీఎక్స్24 లాంటి అరచేతిలో ఇమిడే 1/24 బండ్లు మూడోది. 175 సెం.మీ. ఎత్తున్న మనిషి మొదటిదాని పక్కన 175 మి.మీ., రెండోదాని పక్కన 125 మి.మీ., మూడోదాని పక్కన 73 మి.మీ. ఉంటాడు. ఏ 3డీ నమూనా ఫైలూ తెరవకముందే ఆ ఎత్తున అట్టముక్కతో ఒక మనిషి బొమ్మ కత్తిరించి బండి పక్కన నిలబెట్టండి. తలుపు పిడి అతని చేతిలో ఇముడుతుందా, మెట్టు మీదికి కాలు ఎత్తగలడా, పైన కట్టిన పెట్టె అతని చేతికి అందుతుందా అని చూడండి. పది నిమిషాల పని ఇది. దీనివల్ల నేను ప్రింట్ చేయబోయి మానుకున్న భాగాలు చాలా ఉన్నాయి.

పెట్టె మీద రాసిన నిష్పత్తిని కూడా గుడ్డిగా నమ్మకూడదు. టీఆర్‌ఎక్స్‌-4 డిఫెండర్ వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 324 మి.మీ. దాని బాడీ ఏ బండిని పోలి ఉందో ఆ డిఫెండర్ 110 వీల్‌బేస్ 110 అంగుళాలు, అంటే 2,794 మి.మీ. భాగిస్తే 1/8.6 వస్తుంది. 1/10 అని పిలిచే బండి అసలు లెక్కలో అంతకంటే పెద్దది. దాని మీద జెర్రీ క్యాన్ 54 మి.మీ. ఉంటేనే కుదురుతుంది, 47 మి.మీ. క్యాన్ చిన్నదైపోతుంది. మీ బండి ఏ అసలు వాహనాన్ని పోలి ఉందో దాని కొలతలు తెచ్చుకుని, ఒక్కసారి భాగించి, ఆ అంకెను పనిబల్ల మీద రాసి పెట్టుకోండి. అన్ని భాగాలకూ ఇక అదే కొలమానం.

దింపుకున్న ఫైలును పెంచడం, తగ్గించడం తేలికే. 1/14 కోసం గీసినదాన్ని 1/10కి మార్చాలంటే 140 శాతం, 1/10ది 1/14కి అయితే 71.4 శాతం, 1/24కి అయితే 41.7 శాతం. చిక్కు తగ్గించేటప్పుడు వస్తుంది. ఒకప్పుడు 1.2 మి.మీ. ఉన్న గోడ 1/24కి దిగేసరికి అర మిల్లీమీటరు అవుతుంది. 0.4 మి.మీ. నాజిల్‌తో (కరిగిన ప్లాస్టిక్ బయటికి వచ్చే మూతి) అది ఒక్క గీత మందం. ప్రింటర్ దాన్ని వదిలేసినా వదిలేస్తుంది, వేసినా గోటితో నొక్కితే విరిగేలా వేస్తుంది. స్క్రూ రంధ్రాలు కూడా చిన్నవై ఏ స్క్రూకూ సరిపోకుండా పోతాయి. కాబట్టి 1/24 బండి ఉన్నవారు దానికోసమే గీసిన ఫైళ్లు వెతుక్కోవడం మేలు.

మందం గురించి ఇంకొక మాట. అసలు ట్రక్కు రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరు. పదో వంతులో అది 0.1 మి.మీ. అంత పలచగా గట్టి భాగాన్ని ఎవరూ ప్రింట్ చేయలేరు. మామూలుగా 1.5 మి.మీ. మందంతో వేస్తాం, కంటికి అది 15 మి.మీ. మందమున్న ఇనుప పలకలా కనిపిస్తుంది. ఫెండర్లూ, బానెట్ మీది గాలి తొట్లూ బొమ్మలా అనిపించడానికి అసలు కారణం ఇదే. దీనికి విరుగుడు ఉంది. గోడను మందంగానే ఉంచి, బయటికి కనిపించే అంచును మాత్రం లోపలి వైపు నుంచి ఏటవాలుగా చెక్కండి. చూపుకు దొరికే అంచు 0.4 మి.మీ. దాకా సన్నబడితే చాలు, మొత్తం భాగం రేకులా కనిపిస్తుంది.

స్క్రూల తలలూ అంతే. ఎం3 (3 మి.మీ. మర ఉన్న) సాకెట్ స్క్రూ తల వ్యాసం 5.5 మి.మీ., అంటే అసలు బండి మీద 55 మి.మీ. తల ఉన్న బోల్టు! 12 మి.మీ. బోల్టుకు ఉండే 19 మి.మీ. తల పదో వంతులో 1.9 మి.మీ. మాత్రమే ఉండాలి. అసలు స్క్రూను వెనక నుంచి బిగించి, ముందు వైపు చిన్న షడ్భుజాల తలలు ప్రింట్ చేసి అంటిస్తే బంపరు రూపమే మారిపోతుంది.

ఫిలమెంటా, రెజినా?

ఫిలమెంటు ప్రింటర్ సాధారణంగా 0.2 మి.మీ. పొరలతో వేస్తుంది. ఆ పొర గాట్లను 1/10 బండి మీద పెంచి చూసుకుంటే 2 మి.మీ. మెట్లు, 1/24 మీద అయితే దాదాపు 5 మి.మీ. మెట్లు. ఏ వాహనం రేకు మీదా అలాంటి మెట్లు ఉండవు. పొరను 0.08 మి.మీ.కి తగ్గించవచ్చు, 0.2 మి.మీ. నాజిల్ వాడవచ్చు. గ్రిల్ కడ్డీలు, చిన్న అక్షరాలు అప్పుడు చాలా మెరుగుపడతాయి, బదులుగా సమయం ఎన్నో రెట్లు పెరుగుతుంది. రెజిన్ ప్రింటర్ మామూలుగానే 0.05 మి.మీ. పొరలతో పనిచేస్తుంది. ఒక కోటు ప్రైమరు కొడితే ఆ గీతలు కంటికి దొరకవు.

రెండింటితోనూ ఒకే గ్రిల్ చేసి పక్కపక్కన పెట్టి చూశాను. ఫిలమెంటు గ్రిల్‌లో కడ్డీలు నిలువుగా బాగానే నిలిచాయి. కానీ వాటి కొసలు గుండ్రబడ్డాయి, మధ్యలోని పేరు అక్షరాల్లో రంధ్రాలు పూడిపోయాయి. రెజిన్ గ్రిల్‌లో ప్రతి కడ్డీకీ పదునైన అంచు ఉంది, అక్షరాల లోపలి మూలలు కూడా తేలాయి. కంటికి ఒక అడుగు దూరంలో చూసే భాగాలకు, అంటే గ్రిల్, పేరు పలక, తలుపు పిడులు, డ్యాష్‌బోర్డు మీది మీటర్లు, స్టీరింగు, డ్రైవర్ ముఖం వంటివాటికి, నేను రెజిన్ వైపే మొగ్గుతాను.

కానీ మామూలు రెజిన్ పెళుసు. నా ట్రక్కుకు ఒకసారి రెజిన్‌తో చేసిన పక్క అద్దాలు తగిలించాను. మొదటి రోజే బండి పక్కకు ఒరిగి గడ్డి మీద పడింది. గడ్డే కదా అనుకున్నాను, ఎత్తి చూస్తే అద్దం కాడ మొదట్లో శుభ్రంగా తెగిపోయి ఉంది. గాజు విరిగినట్టు విరిగింది, ఎక్కడా వంగిన జాడ లేదు. ఏబీఎస్ తరహా గట్టి రెజిన్లు వాడితే, లేదా మామూలు రెజిన్‌లో కొద్దిగా వంగే రెజిన్ కలిపితే పరిస్థితి మెరుగవుతుంది. అయినా బంపరు, పక్క పట్టీలు, వెనక మెట్టు లాంటి దెబ్బతినే భాగాలను రెజిన్‌తో చేయమని నేను ఎవరికీ చెప్పను.

ఇంకో పెద్ద తేడా ఇంట్లో పెట్టుకోవడం. గట్టిపడని రెజిన్ చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు, ఒకసారి వచ్చిందంటే ఆ తర్వాత ఏ కాస్త తగిలినా మళ్లీ వస్తుంది. నైట్రైల్ చేతితొడుగులు, కళ్లద్దాలు, గాలి బయటికి పోయే గది తప్పనిసరి. భాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి, యూవీ వెలుగులో గట్టిపరచాలి, కడిగిన ద్రవాన్ని కాలువలో పోయకూడదు. నీటితో కడిగే రెజిన్‌కూ ఈ చివరి నియమం వర్తిస్తుంది. చిన్నపిల్లలు తిరిగే ఒకే గదిలో అంతా చేసుకోవాల్సి వస్తే నా సలహా స్పష్టం: ఫిలమెంటు ప్రింటర్ ఒక్కటే పెట్టుకోండి, నునుపు కావాల్సిన ఆ పది చిన్న భాగాలను బయట చేయించుకోండి.

బోలుగా చేసే రెజిన్ భాగాలకు ద్రవం బయటికి పోయే రంధ్రాలు తప్పకుండా ఉంచండి. లోపల చిక్కుకున్న రెజిన్ నెలల తర్వాత పైపొరను పగలగొట్టుకుని బయటికి వస్తుంది, అంతవరకు వేసిన రంగంతా పాడవుతుంది. ఇంధన ట్యాంకు, పనిముట్ల పెట్టె వంటివాటిలో ఇది ఎక్కువగా జరుగుతుంది.

ఫిలమెంటుల్లో ఏది?

పీఎల్‌ఏ తేలికగా ప్రింటవుతుంది, అంచులు పదునుగా వస్తాయి, సాండ్‌పేపర్‌కు బాగా లొంగుతుంది. గదిలో అలమరాలో నిలిచే బండికి దీనికి మించినది అక్కరలేదు. దాని లోపం వేడి. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన మూసిన కారులో అంత వేడి రావడం కష్టం కాదు. ఒక మధ్యాహ్నం కారు వెనక అద్దం కింద ఉంచిన నా బండి తీసి చూస్తే, పైకప్పు ర్యాక్ మధ్యలో మంచంలా కుంగిపోయి ఉంది. దాని మీది సామాను మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ర్యాక్ మళ్లీ చేయాల్సి వచ్చింది.

పెట్‌జీ సుమారు 80 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, దెబ్బకు విరగకుండా కాస్త వంగుతుంది. బంపర్లకూ పక్క పట్టీలకూ నేను వాడేది ఇదే. దానితో విసుగు ఏమిటంటే, ప్రింటులో సన్నని దారాలు సాగుతాయి. సాండ్‌పేపర్ పట్టినప్పుడు నున్నబడకుండా నూగులా లేస్తుంది. దెబ్బలు తిని గీతలు పడే భాగాలే కాబట్టి ఆ మాత్రం గరుకు సర్దుకుపోతుంది.

ఏబీఎస్, ఏఎస్‌ఏ రెండూ 100 డిగ్రీలకు అటూ ఇటూగా నిలబడతాయి. ఏఎస్‌ఏకు ఎండను తట్టుకునే గుణం అదనం. నాకు నచ్చేది వాటి బరువు. పీఎల్‌ఏ సాంద్రత 1.24, ఏబీఎస్‌ది 1.04, ఏఎస్‌ఏది 1.07. అదే ర్యాక్ సుమారు 15 శాతం తేలికవుతుంది. పైగా గట్టి ప్లాస్టిక్ బాడీలు ఎక్కువగా ఏబీఎస్‌తోనే చేస్తారు కాబట్టి, ప్లాస్టిక్‌ను కరిగించి కలిపే ద్రావకపు జిగురుతో ప్రింటు బాడీలో భాగమే అయిపోతుంది. అసిటోన్ ఆవిరితో పొరగీతలను కరిగించి నున్నగా చేయడమూ వీలవుతుంది. పీఎల్‌ఏకు, పెట్‌జీకి అసిటోన్ అలా పనిచేయదు. కాకపోతే మూసిన పెట్టె లాంటి ప్రింటర్ లేకపోతే మూలలు పైకి లేస్తాయి, వాసన కూడా ఘాటు. గాలి బయటికి పోయే ఏర్పాటు ఉన్నవారికే ఇది.

వంగే టీపీయూను చాలామంది మరచిపోతారు. పక్క అద్దాల కాడలు, యాంటెన్నా మొదలు, మడ్‌ఫ్లాపులు, ఫెండరు అంచుల రబ్బరు పట్టీలు దానితో చేస్తే బండి బోర్లాపడినా వంగి మళ్లీ లేస్తాయి. గడ్డి మీద విరిగిన ఆ రెజిన్ అద్దాల స్థానంలో 95ఏ గట్టిదనం ఉన్న టీపీయూ కాడలు పెట్టాను. అద్దం చట్రం మాత్రం రెజిన్‌దే ఉంచాను. టీపీయూ మీద మామూలు రంగు పగిలి పొరలుగా ఊడిపోతుంది. కాబట్టి కావాల్సిన రంగు ఫిలమెంటుతోనే, చాలాసార్లు నలుపుతో, ప్రింట్ చేసుకోవాలి.

ఏ ఫిలమెంటు అయినా దాని బలహీనత పొరల మధ్యే ఉంటుంది. బంపరును నిలబెట్టి ప్రింట్ చేస్తే పొరలు అడ్డంగా వస్తాయి, తగిలిన చోట రొట్టెముక్కలా తెగుతుంది. పడుకోబెట్టి ప్రింట్ చేస్తే పొరలు పొడవునా సాగుతాయి. లోపలి నింపుడును వంద శాతం చేయడం కంటే బయటి గోడ గీతలను నాలుగుకు పెంచడం ఎక్కువ మేలు చేస్తుంది. ర్యాక్, నిచ్చెన లాంటివాటిని ఒకే ముక్కగా కాకుండా చదునైన కడ్డీలుగా విడగొట్టి వేసి అతికించండి. ప్రింటు కింద తాత్కాలికంగా నిలబెట్టే ఆధారాల మచ్చలు ఉండవు, ప్రతి కడ్డీ తన పొడవునా బలంగా ఉంటుంది.

ఇంట్లోనా, బయటా?

ప్రింటింగ్ సేవ చేత చేయించేటప్పుడు పొడిని కరిగించి కట్టే నైలాన్, అంటే పీఏ12, అడగండి. దానికి ఆధారాలు అక్కరలేదు, బలం అన్ని దిక్కులా దాదాపు ఒకేలా ఉంటుంది, కీలు ఉన్న తలుపులు కూడా చేయవచ్చు. సాంద్రత ఒకటికి దగ్గర కాబట్టి తేలిక. పైపొర మాత్రం సన్న ఇసుకలా గరుకుగా ఉంటుంది. ఛాసిస్ చట్రానికీ, బంపరుకూ, తుప్పు పట్టిన ఇనుము రంగు వేయబోయే భాగాలకూ ఆ గరుకు బాగా నప్పుతుంది. మెరిసే బాడీ రంగు కోరుకునే చోట మాత్రం అది పంటి కింద రాయిలా ఉంటుంది.

అచ్చుపోసిన రెడీమేడ్ భాగాలు దొరికే చోట వాటితో పోటీపడకండి. అచ్చు ప్లాస్టిక్ ప్రింటు కంటే పలచగా, నునుపుగా, గట్టిగా ఉంటుంది. ప్రింటు గొప్పతనం ఎవరూ అచ్చుపోయని భాగంలో ఉంది. మీ బండికి మాత్రమే సరిపోయే వంపున్న ఫెండరు, ఒక ప్రత్యేక సంవత్సరపు గ్రిల్, ఫలానా బ్యాటరీ చుట్టూ ఒదిగే క్యాబిన్ లోపలి భాగం అలాంటివి. లోపలి భాగం సంగతికి వస్తే, కింద మోటారూ బ్యాటరీ ఉంటాయి కాబట్టి పూర్తి లోతు సాధారణంగా దొరకదు. సీట్లను సగం ఎత్తుకు కోసి, డ్రైవర్‌ను నడుము పైనుంచి మాత్రమే పెట్టినా కిటికీలోంచి చూసేవారికి తేడా తెలియదు.

ఫైళ్లు దింపుకునేటప్పుడు వాటి అనుమతులు చదవండి. సొంత వాడకానికి మాత్రమే అని పెట్టిన ఫైలుతో భాగాలు చేసి అమ్మడం గీసినవారి కష్టాన్ని దోచుకోవడమే.

ప్రింట్ చేయకూడనివి

ప్రింటర్ చేతికి వచ్చాక అన్నీ ప్రింట్ చేయాలనిపిస్తుంది. ఇక్కడే నిగ్రహం కావాలి. గొలుసును ప్రింట్ చేస్తే వేలాడదు, నిలబడిపోతుంది. నగల పనికి వాడే సన్నని లోహపు గొలుసు తన బరువుకు తానే వంగుతుంది. టార్పాలిన్‌ను ప్రింట్ చేస్తే రాయిలా ఉంటుంది. పలచని నూలు గుడ్డకు నీళ్లు కలిపిన జిగురు పూసి సామాను మీద కప్పి ఆరనిస్తే ముడతలు వాటంతటవే వస్తాయి. వెనక తొట్టి చెక్కలకు అసలు చెక్క పట్టీలే వాడాలి. వించ్ తాడుకు, అసలుది 8 నుంచి 10 మి.మీ. ఉంటుంది కాబట్టి, ఒక మిల్లీమీటరు అల్లిక దారం చాలు. గ్రిల్ వెనక జల్లెడకు స్టీలు వల, కిటికీకి అర మిల్లీమీటరు పారదర్శక షీటు వాడండి. పారదర్శక రెజిన్ ఎంత మెరుగుపెట్టినా కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. వైపర్లకు రసాయనంతో చెక్కిన పలచని స్టీలు రేకు భాగాలు ప్రింటు కంటే ఎంతో నయం.

టైర్ల జోలికి అసలు వెళ్లకండి, రబ్బరువి కొనుక్కోండి. చక్రాల పరిమాణం మాత్రం ఆలోచించి ఎంచుకోండి. 1/10 క్రాలర్లకు మామూలుగా వచ్చే 1.9 అంగుళాల చక్రం అసలు బండి మీద 19 అంగుళాల రిమ్‌తో సమానం. పాతకాలపు ట్రక్కులు ఎక్కువగా 15, 16 అంగుళాల రిమ్‌ల మీద నడిచేవి. పాత బండి నమూనా అయితే 1.55 అంగుళాల చక్రాలు పెట్టి చూడండి, ఏ హంగూ తగిలించకముందే బండి వయసు మారిపోతుంది. చక్రం మధ్య మూత, నట్ల వలయం, లోపలి బ్రేకు పళ్లెం ప్రింట్ చేసుకోవచ్చు.

అతికించడం, బిగించడం

బాడీ ఏ ప్లాస్టిక్‌తో చేసినదో ముందు తెలుసుకోవాలి. పలచని పాలీకార్బొనేట్ బాడీ వంగుతుంది. దాని మీద సూపర్ గ్లూతో అంటించిన గట్టి భాగం మొదటి దెబ్బకే ఊడిపోతుంది. దానికి ఆరాక కూడా రబ్బరులా సాగే జిగురు, లేదా వెనక వాషరు పెట్టి చిన్న స్క్రూ కావాలి. గట్టి ఏబీఎస్ బాడీకి ద్రావకపు జిగురు సరిపోతుంది. సూపర్ గ్లూ వాడవలసి వస్తే కిటికీలు బిగించకముందే వాడేయండి. అది ఆరేటప్పుడు వెలువడే ఆవిరి పారదర్శక షీటు మీద తెల్లని మసకలా పేరుకుంటుంది. ఒక బండి ముందు అద్దాన్ని నేను అలాగే పోగొట్టుకున్నాను.

తరచూ తీసే భాగాలకు, బ్యాటరీ మీది మూత, పైకప్పు సామాను వంటివాటికి, 5 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న నియోడిమియం అయస్కాంతాలు చాలా అనుకూలం. పడిపోయినప్పుడు విరగకుండా ఊడి దూరంగా పడతాయి, తీసి మళ్లీ పెడితే చాలు. అంటించే ముందు ధ్రువాలను మార్కరుతో గుర్తు పెట్టుకోండి. బంపరు, ర్యాక్ కాళ్లు లాంటి బలం పడే చోట ప్లాస్టిక్‌లోకి నేరుగా స్క్రూ బిగించడం కంటే, వేడి చేసి దించే ఇత్తడి మర ఇన్సర్టులు ఎక్కువ కాలం మన్నుతాయి. రెజిన్‌లోకి వాటిని వేడితో దించకూడదు. రెజిన్ కరగదు, పగులుతుంది.

దెబ్బ తగిలితే ఏది ముందు ఊడాలో మీరే ముందుగా నిర్ణయించుకోండి. నా బండి మీద బంపరు బలంగా, దాన్ని ఛాసిస్‌కు కలిపే రెండు స్క్రూలు ప్లాస్టిక్‌వి. గోడకు కొట్టుకుంటే ఆ స్క్రూలు తెగుతాయి, బంపరూ ఛాసిస్ కొసా నిలుస్తాయి.

దీపాలు, రంగు

పాత ట్రక్కుల గుండ్రని హెడ్‌లైటు 7 అంగుళాలు, అంటే సుమారు 178 మి.మీ. పదో వంతులో 17.8, పద్నాలుగో వంతులో 12.7 మి.మీ. ఫైలులోని గిన్నెను ఈ కొలతతో సరిచూసుకోండి. ఎల్‌ఈడీని బయటికి కనిపించేలా పెడితే 5 మి.మీ. బుడ్డి తప్ప మరేమీ కనిపించదు. గిన్నె అడుగున చిన్న రంధ్రంలోంచి వెలుగు వచ్చేలా పెట్టి, లోపల అల్యూమినియం టేపు అంటించి, ముందు పలచని కటకం పెట్టాలి. రిసీవర్ నుంచి 6 వోల్టులు తీసుకుంటే ఒక్కో తెల్ల ఎల్‌ఈడీకి 150 ఓమ్ రెసిస్టర్ వరుసలో వేస్తే సుమారు 20 మిల్లీఆంపియర్లు నడుస్తాయి. పాతకాలపు బండికి నీలి ఛాయ తెలుపు కాకుండా పసుపు ఛాయ తెలుపు ఎంచుకోండి.

తెల్లటి లేదా లేతరంగు ప్రింటులోంచి వెలుగు బయటికి కారుతుంది. చీకట్లో దీపాలు వేస్తే బండి మూతి మొత్తం లాంతరులా వెలిగిపోతుంది. రంగు వేయకముందే లోపలి వైపు రెండు కోట్లు నలుపు, దాని మీద వెండి రంగు పూస్తే ఈ బెడద ఉండదు.

రంగు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫిలమెంటు భాగానికి గీతలు పూడ్చే ప్రైమరు, 220 నుంచి 400, 600 దాకా సాండ్‌పేపరు, మళ్లీ ప్రైమరు కావాలి. రెజిన్‌కు 400తో మొదలుపెడితే చాలు. చిన్న బండి మీద పూర్తి మెరుపు అసహజంగా ఉంటుంది, సగం మెరుపు వార్నిషే నిజమైన రంగులా కనిపిస్తుంది. తుప్పు నీళ్లు నిలిచే చోటే వేయండి: తలుపు కింది అంచు, తొట్టి మూలలు, స్క్రూల చుట్టూ. మట్టి చక్రాల వెనక నుంచి పైకి వెళ్లేకొద్దీ పలచబడాలి.

మీ బండి దేనికి?

అలమరాలో, ఫొటోల్లో నిలిచే 1/14 రోడ్డు ట్రక్కు అయితే రెజిన్‌కే పెద్దపీట వేయండి. దెబ్బలు తక్కువ, చూపులు ఎక్కువ. చదునైన పెద్ద భాగాలకు పీఎల్‌ఏ చాలు.

రాళ్ల మీద నడిపే 1/10 క్రాలర్ అయితే నడుము కింద పెట్‌జీ లేదా నైలాన్, అంచుల్లో టీపీయూ, ముఖం మీద రెజిన్. ఇక్కడ బరువు ఒక్కటే నిజమైన శత్రువు. సుమారు మూడు కిలోల బండి తల మీద 200 గ్రాముల ర్యాక్, సామాను పెడితే, ఇంతకుముందు తేలికగా ఎక్కిన పక్కవాలు మీద బండి ఒరిగిపోతుంది. అది అక్షరాలా తలకు మించిన బరువు. సామాను పెట్టెలను 0.8 మి.మీ. గోడలతో బోలుగా, అడుగు లేకుండా ప్రింట్ చేయండి. పైన పెట్టిన ప్రతి భాగాన్నీ వంటింటి త్రాసు మీద తూచి రాసుకోండి. తప్పనిసరి అయితే ఇరుసుల దగ్గర ఇత్తడి బరువులు వేసి సరిచేయవచ్చు. కానీ పైన తగ్గించడమే మెరుగు, ఎందుకంటే కింద చేర్చిన ప్రతి గ్రామునూ మోటారు, సర్వో (చక్రాలను తిప్పే స్టీరింగు మోటారు) మోయాలి.

1/24 బండికి ఫిలమెంటు ప్రింటుతో సన్నని హంగులు చేయాలని పట్టుబట్టకండి. రెజిన్ లేదా చెక్కిన లోహపు రేకు మాత్రమే ఆ పరిమాణంలో నిలబడతాయి. అక్కడ 10 గ్రాములు కూడా తేడా చూపిస్తాయి కాబట్టి మూడు నాలుగు భాగాలతో ఆపేయండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారు ముందుగా నాలుగే భాగాలు చేయండి: తలుపు పిడులు, పక్క అద్దాలు, మడ్‌ఫ్లాపులు, క్యాబిన్‌లో ఒక డ్రైవర్. అచ్చుపోసిన బాడీలో చదునుగా గీసి వదిలేసినవో, అసలు లేనివో సాధారణంగా ఇవే. వీటిని తగిలించి, అట్ట మనిషిని పక్కన నిలబెట్టి, నేల మట్టం నుంచి మళ్లీ ఒక ఫొటో తీయండి. ఆ ఫొటోలో మీ చూపు మొదట ఏ చోట తట్టుకుని ఆగుతుందో, ఐదో భాగం అక్కడిది.